కొత్త మిషనరీకి ఇంటిపనుల పాఠం

యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం తరఫున నేడు 70 వేలకు పైగా మిషనరీలు ప్రపంచమంతటా పనిచేస్తున్నారు. సంఘాన్ని పూర్తి పేరుతోనే పిలవాలని 2018లో అప్పటి అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ కోరినప్పటికీ, బయటివారి నోట మార్మన్లు అన్న పేరే ఇంకా నిలిచి ఉంది. యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు ఈ సేవలో ఉంటారు. మన తెలుగువారికి ఈ సంఘంతో పరిచయం నిన్న మొన్నటిది కాదు. పసిఫిక్ ద్వీపదేశమైన సమోవాలో ఉంటూ అక్కడ సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువర్గానికి ఈ విశ్వాసాన్ని పరిచయం చేశారు. భారతదేశపు మొట్టమొదటి స్టేక్, అంటే స్థానిక సంఘాలు కొన్ని కలిసిన విభాగం, 2012 మే నెలలో హైదరాబాదులోనే ఏర్పడింది. కనుక హైదరాబాదు, రాజమండ్రి, విశాఖపట్నం వంటి చోట్ల నుంచీ, అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచీ మిషన్‌కు, అంటే ఈ సేవకు, పిలుపు అందుకున్న పిల్లలు మన మధ్య ఉన్నారు. ఈ సూచనలు వారి కోసం రాసినవి. వారి తల్లులు కూడా ఒకసారి చదివితే మంచిది.

బోధించడం ఎలాగో నేర్పడానికి పుస్తకాలున్నాయి, శిక్షణ కేంద్రాలున్నాయి. యూటా రాష్ట్రంలోని ప్రోవోలో అయినా, మనీలాలో అయినా, కొత్త భాష నేర్చుకోవలసినవారిని వారాల తరబడి కూర్చోబెట్టి చదివిస్తారు. ఆ విషయంలో లోటు లేదు. అయితే తొలి నెలల్లో కొత్త మిషనరీని నవ్వులపాలు చేసేవి సిద్ధాంత చర్చలు కావు. అన్నం మాడడం, చొక్కాలు గులాబీ రంగుకు తిరగడం, తాళం లోపల ఉండిపోవడం, ముక్కూ మొహం తెలియని మనిషితో ఒకే గదిలో రోజుకు ఇరవైనాలుగు గంటలు గడపవలసి రావడం, ఇవే అసలైన పరీక్షలు. పద్దెనిమిదేళ్ళ వరకూ కంచం ముందుకు అన్నం వచ్చిన ఇంట్లో పెరిగిన పిల్లవాడికి, ముఖ్యంగా మన ఇళ్ళలోని మగపిల్లవాడికి, ఈ పరీక్షల పాఠ్యాంశాలు ముందుగా తెలిసి ఉండాలి.

పేరు, బ్యాడ్జి, బట్టలు

నల్లటి బ్యాడ్జి మీద యువకులకైతే ఎల్డర్ అనీ యువతులకైతే సిస్టర్ అనీ ఉండి, దాని పక్కన ఇంటిపేరు ఉంటుంది. ఇంతకాలం రవి అనో సునీత అనో పిలిపించుకున్నవారు హఠాత్తుగా ఎల్డర్ పసుపులేటి, సిస్టర్ చిలకమర్తి అయిపోతారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముంటే అదే బ్యాడ్జి మీదకు ఎక్కుతుంది కనుక, దరఖాస్తు పంపే ముందే దానిని సరిచూసుకోవడం అవసరం. తండ్రిపేరు ఇంటిపేరు గడిలో చేరిపోయిన పాస్‌పోర్టులు మన దగ్గర కొల్లలు. అలాంటివారు రెండేళ్ళపాటు నాన్నగారి పేరుతో చెలామణీ అవుతారు, ఎవరైనా ఆ పేరుతో కేకేస్తే వెనక్కి తిరగడం అలవాటయ్యే సరికి కొన్ని వారాలు పడుతుంది. పేరు పొడవైనదైతే విదేశీ సహచరులు మొదటి అక్షరంతో సరిపెడతారు. అది అగౌరవమని భావించవలసిన పని లేదు.

బ్యాడ్జిని చొక్కాకు ఉంచి ఉతకవద్దు. ఇది చెప్పనవసరం లేని మాటలా కనిపిస్తుంది గానీ, వాషింగ్ మెషీన్ లోపల టకటకమని శబ్దం వచ్చాక జేబులు తడుముకోని మిషనరీ అరుదు. తెల్ల చొక్కాలను విడిగా ఉతకాలి. జాకెట్టో, టవలో, ఊరి నుంచి తెచ్చుకున్న కొత్త లుంగీయో వాటితో కలిసిందంటే ఇల్లంతా ఒకే రంగు చొక్కాలవుతాయి. ఇప్పుడు లేత నీలం చొక్కాలను కూడా అనుమతిస్తున్నారు, గులాబీని మాత్రం ఇంకా అనుమతించలేదు. కాలరు లోపలి మురికికి ఉతికే ముందు రోజు రాత్రి బట్టల సబ్బు రుద్ది ఉంచడం మన అమ్మమ్మల నాటి పద్ధతే అయినా, ఖరీదైన ద్రవాల కన్నా అదే మెరుగు. ఇస్త్రీ చేయడం ఇంటి దగ్గరే నేర్చుకోండి. కాలరు, భుజాలు, చేతులు, చివరికి ఒళ్ళు అన్న వరుస ఒకసారి చేతికి వస్తే ఒక్కో చొక్కాకు అయిదారు నిమిషాలు చాలు. బూట్లు రెండు జతలుండాలి, ఒక రోజు తొడిగిన జతను మర్నాడు ఆరనివ్వాలి. రోజంతా నడిచే ఉద్యోగంలో పాదాలే పెట్టుబడి.

సహచరుడు

ఈ జీవితంలో అన్నిటికన్నా విచిత్రమైన నియమం ఇదే. మీకు ఒక సహచరుడిని కేటాయిస్తారు, మీరు ఎంచుకోరు. స్నానాల గది వంటివి మినహాయిస్తే అతడు ఎప్పుడూ మీ కంటికి కనిపించేంత, చెవికి వినిపించేంత దూరంలోనే ఉండాలి. పడకలు వేరైనా గది ఒకటే. ఆరున్నరకు లేవడం, పదిన్నరకు దీపం ఆర్పడం ఇద్దరికీ కలిపి సాగే దినచర్య. దాదాపు ఆరు వారాలకొకసారి ట్రాన్స్‌ఫర్లు వస్తాయి. అప్పుడు సహచరుడు మారవచ్చు, ఊరు మారవచ్చు, రెండూ మారకపోవచ్చు. తొలి 12 వారాలు మీతో ఉండేవాడిని ట్రైనర్ అంటారు. అతడు మీకన్నా ఏడాది పెద్దవాడై ఉండవచ్చు, ఆరు నెలలు చిన్నవాడైనా కావచ్చు.

పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళను చూస్తూ పెరిగిన మనవారికి ఈ ఏర్పాటు ఇతరులకన్నా తేలికగా ఒంటబడుతుందని నా అభిప్రాయం. మొదటి రోజు రాత్రే అడిగి తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. పొద్దున స్నానానికి ముందు ఎవరు వెళతారు, ఫ్యాను తిరిగితేనే నిద్రపడుతుందా, తిరిగితే నిద్రపట్టదా, గురక ఉందా, లేచాక ఎంతసేపటి వరకూ మాట్లాడించకూడదు, ఫ్రిజ్‌లో ఏ అర ఎవరిది. వీటిని అడగడానికి మొహమాటపడినవారు మూడో వారంలో పెరుగు డబ్బా గురించి పోట్లాడుకుంటారు, అయితే పోట్లాట నిజానికి పెరుగు గురించి కాదని ఇద్దరికీ తెలిసే ఉంటుంది. వారానికొకసారి పనుల ప్రణాళిక ముగిశాక సహచరులిద్దరూ ఒకరి గురించి ఒకరు మనసులోని మాట చెప్పుకునే సమావేశం ఒకటి నియమంగా ఉంది. దానిని చాలామంది, “అంతా బాగుందా?” “బాగుంది” అన్న రెండు ముక్కలతో దాటవేస్తారు. అలా దాటవేయకండి. ఎదుటివాడు చేసిన మంచి పని ఒకటి పేరు పెట్టి చెప్పి, ఆ తరువాత మీకు ఇబ్బంది కలిగిస్తున్న అలవాటు ఒక్కదానిని, ఒక్కదానినే, చెప్పండి. జాబితా చదివితే అది సమావేశం కాదు, పంచాయతీ అవుతుంది.

ఇద్దరూ ఎప్పుడూ ఒకేచోట ఉండడం వల్ల తాళం విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మామూలు ఇంట్లో ఒకరు తాళం మరిచిపోతే ఇంకొకరు వచ్చి తీస్తారు. ఇక్కడ తాళంచెవి లోపల ఉండిపోయి తలుపు మూసుకుందంటే ఇద్దరూ బయటే, టైలు కట్టుకుని, మెట్ల మీద. కనుక రెండు చెవులు ఉన్నప్పుడు రెండూ ఒకరి సంచిలోనే వేయకూడదు. తలుపు లాగే ముందు ఇద్దరూ చెవులు చేతికి తీసి ఒకరికొకరు చూపించుకోవడం చిన్నపిల్లల ఆటలా ఉన్నా, పాత మిషనరీలందరూ చేసే పని అదే.

బస్సుల్లో, మెట్రో రైళ్ళలో ఒకరు ఎక్కి ఒకరు దిగువన మిగిలిపోవడం కూడా తరచుగా జరుగుతుంది. అందుకు ముందుగానే ఒక ఒప్పందం ఉండాలి. రైలు ఎక్కినవాడు మరుసటి స్టేషనులో దిగి ప్లాట్‌ఫారం మీదే నిలబడాలి, మిగిలిపోయినవాడు తరువాతి రైలులో అక్కడికి చేరాలి. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురు దిశల్లో బయలుదేరితే ఆ సాయంత్రమంతా రైల్వేవారికే సమర్పణ. ఫోను ఒకరి దగ్గర, పర్సు ఇంకొకరి దగ్గర ఉండే పద్ధతిని మొదటి రోజే మానుకోవాలి.

వంటిల్లు

మీరు విదేశానికి వెళుతున్నట్లయితే, తాలింపుకూ పొగ అలారానికీ ఉన్న శత్రుత్వం గురించి ముందే తెలుసుకోవాలి. అమెరికాలో మిషనరీలు ఉండే అపార్టుమెంట్లలో వంటింటికీ పడకగదికీ మధ్య పైకప్పుకు ఒక తెల్లటి పరికరం ఉంటుంది. మూకుడులో నూనె కాగి, ఆవాలు చిటపటలాడి, నాలుగు ఎండుమిరపకాయలు నల్లబడే లోపే ఆ పరికరం కూత పెడుతుంది. కొన్ని భవనాల్లో ఆ కూత మొత్తం అంతస్తుకు వినిపిస్తుంది. రాత్రి దుస్తుల్లో, చంకలో పిల్లితో, మెట్లు దిగి వీధిలోకి వచ్చిన పొరుగువారి ముందు నిలబడి, ఇది పప్పుచారు అని వివరించవలసిన అగత్యం ఏర్పడుతుంది. అలాంటి సంఘటన తరువాత పొరుగువారితో పరిచయాలు పెరిగిన మాట నిజమే అయినా, ఆ మార్గాన్ని నేను సిఫారసు చేయను.

తాలింపు పెట్టే పద్ధతి ఇది. ముందుగా కిటికీ తెరవాలి, పొయ్యి పైనున్న ఫ్యాను వేయాలి, పడకగది తలుపు మూయాలి. నూనెను మధ్యస్థమైన మంట మీద కాగనిచ్చి, ఆవాలు వేసిన వెంటనే మూత పెట్టాలి, చిటపట తగ్గాక మంట పూర్తిగా కట్టివేసి, ఆ వేడితోనే మిరపకాయలూ కరివేపాకూ వేగనివ్వాలి. మిరప ఘాటు గాలిలోకి లేవకుండా ఉండడానికి ఇదొక్కటే ఉపాయం. అలారం బ్యాటరీ తీసివేయడం ఉపాయం కాదు, అది ప్రాణాలతో చెలగాటం. పైగా మిషన్ కార్యాలయం వారు ఇల్లు తనిఖీకి వచ్చినప్పుడు మొదట చూసేది దానినే.

వంట మొత్తం నేర్చుకోవలసిన అవసరం లేదు. అన్నం, పప్పు, ఒక వేపుడు, గుడ్డు కూర, పులిహోర వస్తే ఎక్కడైనా బతకవచ్చు. అయితే వాటిని అమ్మ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నామనుకోవడం పొరపాటు. అమ్మను వంటింట్లోంచి బయటకు పంపి, వారం రోజులు ఇంటిల్లిపాదికీ మీరే వండి పెట్టాలి. ఆ వారంలో మాడినవే మీ మిషన్‌లో మాడకుండా ఉంటాయి. నెల మొదట అందిన డబ్బును నెలాఖరు వరకూ లాగడం కూడా వంటలో భాగమే. మూడో వారానికల్లా కార్డులో సొమ్ము అడుగంటితే, మిగిలిన రోజులు మరమరాలూ అటుకులే గతి అవుతాయి. ఆదివారం కొనుగోళ్ళు చేయరు కనుక శనివారం సాయంత్రమే పాలు, గుడ్లు, రొట్టె ఉన్నాయో లేదో చూసుకోవాలి. నెలలో మొదటి ఆదివారం సాధారణంగా ఉపవాసం, రెండు పూటల భోజనం మానతారు. దానికి ముందు రాత్రి ఆవకాయ అన్నం తినకుండా ఉంటే మర్నాడు దాహం మిమ్మల్ని క్షమిస్తుంది.

సైకిలు, కుక్కలు, మంచు

చాలా మిషన్ ప్రాంతాల్లో సైకిలే వాహనం. హెల్మెట్ తప్పనిసరి. టై చివరను చొక్కా గుండీల మధ్యకు దూర్చి తొక్కాలి, లేకపోతే గాలికి ఎగిరి మొహానికి కొట్టుకుంటుంది, వంగినప్పుడు హ్యాండిల్‌కు చిక్కుకుంటుంది. కుడికాలి ప్యాంటు అంచును ఒక రబ్బరు బ్యాండుతో బిగించాలి, గొలుసు గ్రీజు అంటిన ప్యాంటుతో ఎవరి గడపా తొక్కలేరు. యువతులకు 2018 డిసెంబరు నుంచి ప్యాంటు వేసుకునే వెసులుబాటు కలిగింది. అయినా స్కర్టుతో తొక్కేవారు లోపల లెగ్గింగ్స్ వేసుకుని, అంచు చక్రం వైపు పోకుండా ముడివేసుకోవాలి. పంక్చరు వేయడం ఊరి సైకిలు షాపులో ఒక పూట కూర్చుని నేర్చుకోండి. అమెరికా పల్లెలో సాయంత్రం ఆరు దాటాక పంక్చరు వేసేవాడి కోసం వెతికితే దొరకడు.

కుక్క వెంటపడితే వేగం పెంచడం అందరూ చేసే తప్పు. పరుగెత్తేదానిని తరమడం దాని స్వభావం. సైకిలు దిగి, దానికీ మీకూ మధ్య సైకిలును అడ్డుపెట్టి, కళ్ళలోకి చూడకుండా, మెల్లగా వెనక్కి నడవాలి. సహచరుడిని అడ్డుపెట్టడం నియమాలకు విరుద్ధమని ఎక్కడా రాసిలేదు గానీ ఆరు వారాలు అతడితోనే ఉండాలన్నది గుర్తుంచుకోవాలి. కుక్క కరిస్తే, గాటు ఎంత చిన్నదైనా, సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీటి కింద కడిగి అదే రోజు వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. మన దేశంలో ఈ విషయంలో నవ్వులాటకు తావు లేదు, రేబీస్ లక్షణాలు కనిపించాక మందు లేదు.

యూటా, ఐడహో వంటి చోట్ల చలికాలంలో తెలుగు పిల్లలు తప్పకుండా జారిపడతారు. తెల్లటి మంచు ప్రమాదకరం కాదు, తడిసిన తారురోడ్డులా నల్లగా మెరిసేదే ప్రమాదకరం. చేతులు జేబుల్లోంచి తీసి, చిన్న చిన్న అడుగులు వేస్తూ, పాదం మొత్తం ఒకేసారి ఆనించి నడవాలి.

గడప దగ్గర, భోజనాల దగ్గర

భారతదేశంలో మిషనరీలు సాధారణంగా తలుపులు తట్టరు, పరిచయస్తులు పిలిచిన ఇళ్ళకే వెళతారు. తలుపులు తట్టే దేశంలో ఉన్నట్లయితే, గంట కొట్టగానే రెండడుగులు వెనక్కి వేసి నిలబడాలి. ఒంటరిగా ఉన్న ముసలావిడ తలుపు తీయగానే ఆరడుగుల యువకులిద్దరు మీద పడేలా నిలబడి ఉంటే ఏ మాట చెప్పినా ఫలితం ఉండదు. ఎవరి వంతు మాట్లాడడమో మెట్లెక్కే లోపే అనుకోవాలి. లేకపోతే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఈలోగా తలుపు మూసుకుంటుంది. తట్టిన ఇళ్ళను అక్కడికక్కడే రాసుకోవాలి. నిన్న వద్దన్న పెద్దమనిషినే ఇవాళ కూడా చిరునవ్వుతో పలకరించి, మొదటిసారి కలిసినట్లు పరిచయం చేసుకోవడం ఆయనకు నచ్చదు.

సంఘ సభ్యులు మిషనరీలను భోజనానికి పిలవడం ఆనవాయితీ. ప్రార్థనా మందిరంలో ఒక సహచరుడు ఒక కుటుంబానికి సరేనంటాడు, ఫోనులో రెండోవాడు ఇంకో కుటుంబానికి సరేనంటాడు, రెండూ గురువారమే, ఒకటి ఆరున్నరకు, ఇంకొకటి ఏడున్నరకు. మొదటి ఇంట్లో కొద్దిగా తిని లేద్దామనుకుంటారు, ఆ ఇంటామె మీ కోసమే చేశానని మూడోసారి వడ్డిస్తుంది. రెండో ఇంట్లో కూడా అదే మాట. దీనికి విరుగుడు ఒకటే, క్యాలెండరు ఒక్కరి చేతిలోనే ఉండాలి, రెండోవాడు ఎవరు పిలిచినా అతడిని అడిగి చెబుతానని మాత్రమే అనాలి. గొడ్డుమాంసమో పందిమాంసమో తినని అలవాటున్నవారు ఆ సంగతిని పిలుపు వచ్చినప్పుడే చెప్పాలి. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే ఆ తల్లి మొహం చూడలేరు.

ఇక మన ఊళ్ళలో పెద్ద చిక్కు టీ. సంఘం పాటించే 1833 నాటి ఆరోగ్య నియమం ప్రకారం టీ, కాఫీ, మద్యం, పొగాకు నిషిద్ధం. మన ఇళ్ళలో గడప దాటిన మనిషికి టీ ఇవ్వకపోవడం అమర్యాద, ఇచ్చినది తాగకపోవడం అంతకన్నా అమర్యాద. మేము టీ తాగం అంటే, పోనీ కాఫీ పెట్టమంటారా అని అడుగుతారు. అందుకే పొయ్యి వెలగక ముందే, కూర్చుంటూనే, “అమ్మా, మంచినీళ్ళు ఇప్పించండి, మజ్జిగ ఉంటే ఇంకా సంతోషం” అని మీరే అడిగేయాలి. అడిగి తాగిన మజ్జిగ ముందు ఇవ్వని టీ ఎవరికీ గుర్తుండదు. కప్పులు పళ్ళెంలో పెట్టుకుని ఆవిడ వచ్చేశాక నోరు తెరిస్తే ఆలస్యమైనట్టే. ఆరోగ్యం బాగోలేదని సాకు మాత్రం చెప్పవద్దు. అబద్ధం అన్న సంగతి అటుంచి, కడుపులో నొప్పి అన్నారంటే వాము కషాయం వస్తుంది, అది తాగేవరకూ ఆవిడ ఎదురుగా కూర్చుంటుంది, ఆపైన వెళ్ళినప్పుడల్లా విరేచనాల గురించి వాకబు చేస్తుంది.

మీ సహచరుడు తెలుగు రానివాడైతే అతడికి అన్నిటికన్నా ముందు ప్రతి మాట చివరా అండీ చేర్చడం నేర్పండి. వ్యాకరణం ఎంత తప్పినా పెద్దలు ఓర్చుకుంటారు, తాతగారిని నువ్వు అంటే మాత్రం గది నిశ్శబ్దమైపోతుంది. పరాయి భాషలో మీరు ప్రార్థించవలసి వచ్చినప్పుడు ముగింపు వాక్యాన్ని ముందు కంఠస్థం చేయండి. ప్రార్థన మొదలుపెట్టడం అందరూ నేర్చుకుంటారు. ఎలా ఆపాలో తెలియక, వచ్చిన నాలుగు నామవాచకాలకూ వరుసగా కృతజ్ఞతలు చెప్పి, మళ్ళీ మొదటిదానికి వచ్చి, ఇల్లు, కుటుంబం, కుర్చీ, వర్షం, మళ్ళీ ఇల్లు అంటూ తిరిగే కొత్తవారిని ప్రతి శిక్షణ బృందంలోనూ చూస్తాము. చుట్టూ ఉన్నవారు కళ్ళు మూసుకునే ఉంటారు, భుజాలు మాత్రం కదులుతుంటాయి.

బాప్తిస్మం రోజు

అన్ని పనుల్లోకీ గంభీరమైనది ఇదే కనుక, ఇందులోని పొరపాట్లే జీవితాంతం చెప్పుకుంటారు. మొదటి సంగతి నీరు. తొట్టి నిండడానికి గంటలు పడుతుంది. అయిదు గంటలకు కార్యక్రమమైతే నాలుగున్నరకు కుళాయి తిప్పినవారు, తెల్ల బట్టల్లో సిద్ధంగా ఉన్న మనిషిని మోకాలి లోతు నీటిలో కూర్చోబెట్టి ముంచవలసి వస్తుంది. మధ్యాహ్నమే మొదలుపెట్టాలి, నిండుతున్నంతసేపూ పెద్దవారెవరైనా అక్కడే ఉండాలి. వదిలి వెళ్ళడం ప్రమాదం, తొట్టిని ఖాళీచేసి తలుపు వేసేవరకూ కాపలా తప్పదు. వేడినీటి కుళాయి పనిచేస్తున్నదో లేదో ముందు రోజే చూడాలి. చన్నీళ్ళలో దిగినవారికి ఊపిరి బిగిసి, పవిత్రమైన మాటలకు బదులు వేరే మాటలు నోటికి రావచ్చు.

చేతుల అమరిక ఇలా ఉంటుంది. మీ ఎడమచేత్తో ఆ వ్యక్తి కుడి మణికట్టును పట్టుకోవాలి, ఆ వ్యక్తి తన ఎడమచేత్తో మీ ఎడమ మణికట్టును పట్టుకుంటారు. మీరు కుడిచేయి పైకెత్తి, వారి పూర్తి పేరు పలికి, నిర్ణీతమైన ప్రార్థన చెప్పాలి. ఆ తరువాత వారు కుడిచేత్తో ముక్కు మూసుకుంటారు, మీరు కుడిచేతిని వారి వీపు పైభాగాన ఆనించి, వెనక్కి వంచి పూర్తిగా ముంచి, లేపాలి. ప్రార్థనలో ఒక్క మాట తప్పినా, శరీరంలోనో బట్టల్లోనో ఏ భాగమైనా నీటి పైన మిగిలినా మళ్ళీ మొదటి నుంచి చేయవలసిందే. దీనిని చూడడానికి ఇద్దరు సాక్షులు తొట్టి పక్కనే నిలబడతారు. 2019 అక్టోబరు నుంచి బాప్తిస్మం పొందిన స్త్రీలూ పిల్లలూ కూడా సాక్షులుగా ఉండవచ్చు. ఎనిమిదేళ్ళ సాక్షిని మించిన కఠినమైన సాక్షి లేడు, వాడు కాలి బొటనవేలు మీదే చూపు నిలుపుతాడు.

బొటనవేలే పెద్ద తంటా. మనిషిని వెనక్కి వంచినప్పుడు పాదాలు సహజంగా పైకి తేలుతాయి. అందుకు మోకాళ్ళు వంచి కూర్చున్నట్టుగా వెనక్కి వాలమని చెప్పాలి, అవసరమైతే మీ పాదాన్ని వారి పాదాల మీద మెత్తగా ఉంచవచ్చు. పొడవాటి జడను గట్టిగా ముడివేయాలి, విడిచిన జుట్టు నీటి మీద పరుచుకుంటుంది. వదులైన గౌనులోకి గాలి చేరితే అది బుడగలా ఉబ్బి, ఎంత నొక్కినా మునగదు, దిగేటప్పుడే అంచును చేత్తో కిందికి అదిమి గాలి పోనివ్వాలి. ముంచవలసినవారు మీకన్నా రెట్టింపు బరువున్నా భయం లేదు, నీరు సగం బరువు మోస్తుంది. అయితే ముందు రోజు సాయంత్రం పొడి నేల మీద ఇద్దరూ నిలబడి ఈ కదలికలను సాధన చేసి తీరాలి, వారి పూర్తి పేరును కూడా పలికి చూసుకోవాలి. పొడి లోదుస్తులు తెచ్చుకోమని వారికి చెప్పడం, మీరు తెచ్చుకోవడం మరవకండి. తడి లోదుస్తుల మీద సూటు తొడిగి ముందువరుసలో కూర్చున్న మిషనరీ లేచి వెళ్ళాక కుర్చీ మీద మిగిలే గుర్తును సభంతా చూస్తుంది.

సెలవు రోజు, ఇంటికి ఫోను

వారానికొక రోజు, ఎక్కువ చోట్ల సోమవారం, బట్టలు ఉతకడానికీ సరుకులకూ ఇంటికి ఉత్తరాలు రాయడానికీ విడిచిపెడతారు. ఈత నిషిద్ధం, మిగతా ఆటలకు పరవాలేదు. 2019 ఫిబ్రవరికి ముందు క్రిస్మస్‌కూ మదర్స్ డేకూ మాత్రమే ఇంటికి ఫోను చేసేవారు, ఇప్పుడు ప్రతి వారం చేయవచ్చు. యూటాలో పొద్దున తొమ్మిదైతే హైదరాబాదులో వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. గడియారం మారే మార్చి, నవంబరు నెలల్లో ఇంట్లోవారికి ముందుగా తెలియజేయకపోతే అమ్మ గంటసేపు ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంటుంది, ఆ గంటలో ఏవేవో ఊహించుకుంటుంది. కుక్క సంగతీ, మంచులో పడిన సంగతీ చెప్పేటప్పుడు ముగింపు ముందు చెప్పండి. “నేను బాగున్నాను, డాక్టరు చూశారు” అన్నాక కథ మొదలుపెట్టాలి. తాలింపు, అలారం కథ వీడియో కాల్‌లో చెబితే తాతగారు కూడా వచ్చి కూర్చుంటారు.

ట్రాన్స్‌ఫర్ వచ్చినప్పుడు

కబురు సాధారణంగా ఒకటి రెండు రోజుల ముందే అందుతుంది. పెట్టె సర్దడం కన్నా ముందు, మీ తరువాత వచ్చేవారి కోసం ప్రాంతపు వివరాలు రాసిపెట్టాలి. ఎవరు ఏ రోజు కలుస్తామన్నారు, ఎవరికి ఏ సంగతి ఇష్టం ఉండదు, ఏ వీధిలో ఏ గేటు వెనుక ఎటువంటి కుక్క ఉంది, ఏ ఇంటామెకు మొహమాటపడి రెండోసారి వడ్డించుకుంటే మూడోసారి తప్పదు, గీజరు స్విచ్ ఎటు తిప్పాలి, బాత్రూం గొళ్ళెం బయటి నుంచి పడే స్వభావం ఉన్నదా. ఫ్రిజ్‌లో మీ అరను ఖాళీ చేయండి, గిన్నెలు కడగండి, మిగిలిన ఆవకాయ సీసాను వదిలి వెళ్ళేట్టయితే దాని మీద కారం ఎంతో ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. రెండు తాళంచెవులనూ ఉండిపోయే సహచరుడి చేతికి ఇచ్చి, ఇచ్చినట్టు అతడి చేత చెప్పించుకున్నాకే బస్సు ఎక్కండి.